పెన్సిలుతో రాసినవి

నాటక సమాజంలో అందరూ అతన్ని కంచు అని పిలిచేవారు. మొదట్లో కంచుగొంతు అనేవారు. వాడుకలో గొంతు రాలిపోయి కంచు మిగిలింది. ఆఖరి వరసలో స్తంభం పక్కన సగం నిద్రలో ఉన్నవాడికి కూడా అతని గుసగుస చెవి దగ్గర చెప్పినట్టు వినిపించేది. ముప్పయ్యేళ్ళుగా ఆ సమాజం వేసిన ప్రతి నాటకంలోనూ పెద్ద వేషం అతనిదే. ఆ నాటకాలన్నీ రాసింది మాష్టారు. ఆయన ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పేవారు. బడి వదిలేసి ఎన్నాళ్ళైనా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ ముప్పయ్యేళ్ళలో కంచు బయట ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అతనికి చదవడం రాదు. సంతకం ఒక్కటీ బొమ్మ గీసినట్టు గీస్తాడు. బడికెళ్ళే వయసులో ఇటుకల బట్టీలో పనిచేశాడు. తర్వాత నాటకాలకు తెరలాగే పనిలో కుదిరాడు. ఒకరోజు ఎవరో నటుడు రాకపోతే, స్టేజీ పక్కతెరల చాటున నిలబడి విన్నదంతా విన్నట్టు అప్పజెప్పి వేషం కట్టాడు. తెరలాగేవాడిని చదువొచ్చా అని ఎవరూ అడగలేదు. పెద్ద నటుడయ్యాక అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఎవరైనా చేతిలో కాగితం పెడితే జేబులు తడుముకుని, "కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను" అనేవాడు. కూతురికి కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం వచ్చాక ఆ సాకుకీ కాలం చెల్లింది. ఆ పిల్ల మూడు జతలు చేయించిపెట్టింది. ఇంట్లో ఒకటి, సంచిలో ఒకటి, రిహార్సల్ గదిలో ఒకటి.

సంగతంతా తెలిసిన మనిషి అతని భార్య. ఆమె కోర్టులో టైపిస్టు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా సాక్షులు చెప్పిందంతా టైపు కొట్టడం ఆమె పని. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గట్టు మీద స్క్రిప్టు తెరిచేది. ముందు తనలో తాను రెండుసార్లు చదువుకునేది. పెన్సిలు జుట్టుముడిలో గుచ్చుకుని ఉండేది. మధ్యమధ్య తీసి ఏదో గీసి, మళ్ళీ ముడిలో పెట్టుకునేది. ఆ తర్వాత పైకి చదివేది. కంచు కిందపీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేవాడు. ఆమె ఒక మాట అంటే అతను ఒక మాట అనేవాడు. ఇస్త్రీ చేస్తూ చదివేది, బట్టలు మడతపెడుతూ చదివేది, ఒక్కోసారి అతని తలకు నూనె రాస్తూ కాగితం చూడకుండానే చెప్పేది. మూడు వారాల్లో నాటకమంతా అతని నోట్లోకి వచ్చేసేది.

"ఏమిటే ఆ గీతలు?" అని ఒకసారి అడిగాడు.

"మీ తప్పులు రాసుకుంటున్నానండీ. ఈ పెన్సిలు చాలేట్టు లేదు, వస్తూ వస్తూ ఇంకోటి పట్టుకురండి" అంది.

అతను నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు నిజంగానే పెన్సిలు తెచ్చిపెట్టాడు.

మాష్టారు కొత్త నాటకం ఇచ్చినప్పుడల్లా అతను ఒకటే షరతు పెట్టేవాడు. మూడు వారాలు తనని ఎవరూ పిలవకూడదు, ఇంట్లో ఒంటరిగా కూర్చుని వేషం ఒంటికి పట్టించుకోవాలి. గొప్పవాళ్ళ చాదస్తం అనుకుని అందరూ సర్దుకునేవారు. రిహార్సల్ మొదలయ్యాక, పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునే ప్రాంప్టరు ఒక్కడే గొణిగేవాడు. "ఈయన చెప్పేదొకటి, ఇక్కడున్నదొకటి." మాష్టారు చెయ్యెత్తి వారించేవారు. "ఆయన్ని ఆపకు. నా మాటకి ప్రాణం పోస్తున్నాడు." కంచుకి అది గొంతు గురించిన పొగడ్తలాగే వినిపించేది. ప్రాంప్టరుది వట్టి కడుపుమంట అనుకునేవాడు.

భార్య పోయింది. వారం రోజుల జ్వరం. మూడోనాటికి మాట పడిపోయింది, ఏడోనాటికి మనిషే పోయింది. ఆ నాలుగు రోజులూ ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, పెదాలు కదులుతాయేమో అని చూస్తూ ఉండిపోయాడు.

కర్మకాండలయ్యాక కూతురు అమ్మ బీరువా సర్దింది. అడుగు అరలో పాత స్క్రిప్టులు ముప్పైదాకా, తాడుతో కట్టి ఉన్నాయి.

"నాన్నా, వీటినేం చెయ్యమంటావ్?"

అతను వాటివైపు చూశాడు. ప్రతి కట్టలోంచీ ఆమె గొంతు వినిపించినట్టయింది. "తీసెయ్ తల్లీ. చూడలేను. పాతపేపర్ల వాడికి ఇచ్చెయ్."

"అన్నీనా?"

"అన్నీ."

ఆ శనివారమే పాతపేపర్లవాడు వచ్చి పట్టుకుపోయాడు.

నాలుగు నెలల తర్వాత మాష్టారు ఇంటికొచ్చారు. చేతిలో అట్టపెట్టె. "నీకోసమే రాశాన్రా. ఒక జడ్జీ. తను శిక్ష వేసినవాడి ఇంటికి వెళతాడు, ముసలితనంలో. నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు. పనిలో పడితే కాస్త తేరుకుంటావ్." టీ తాగి, భుజం తట్టి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఇంకోమాట చెప్పారు. తన నాటకాలన్నీ కలిపి పుస్తకంగా వేస్తున్నారట.

అట్టపెట్టె తొమ్మిది రోజులు బల్ల మీద అలాగే ఉంది. కంచు దాని పక్కనే తిన్నాడు, దాని మీది దుమ్ము దులిపాడు. ఒకసారి మూత తీసి మొదటి కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. జిరాక్స్ సిరా వాసన. నల్లటి చీమలబారు.

పదోరోజు ఆదివారం. కూతురు వచ్చి పెట్టె చూసింది, తండ్రిని చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని కాగితాలు చేతిలోకి తీసుకుంది.

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..." అన్నాడతను.

"నాన్నా. నాకు ఎనిమిదో తరగతిలోనే తెలుసు."

అతను నేలచూపులు చూశాడు. "మరి ఆ మూడు జతలూ?" అన్నాడు.

"అమ్మే చేయించమంది. చేయించకపోతే నాకు తెలుసని నువ్వు పసిగట్టేస్తావని."

అతనికి నవ్వొచ్చింది. అది మధ్యలోనే ఏడుపైపోయింది. కూతురు ఆగింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, కత్తిపీట తెచ్చుకుని కిందపీట మీద కూర్చున్నాడు. తరగడానికి ఇంట్లో ఏమీ లేకపోతే ఉట్టి చేతులతోనే కూర్చున్నాడు. ఆమె చదివింది.

ప్రతి ఆదివారం వచ్చింది. పనిరోజుల్లో ఫోన్లో చదివి వినిపించింది. అక్షరం పొల్లుపోకుండా అతనికి అంతా వచ్చేసింది. అయినా ఏదో తేడా. మాటలు నోట్లో రాళ్ళలా ఉండేవి. కూతురు చదవడంలో లోపమేమో అనుకున్నాడు. "కాస్త నెమ్మదిగా చదువమ్మా. మీ అమ్మలా."

"నెమ్మదిగానే చదువుతున్నా నాన్నా. ఉన్నదే చదువుతున్నా."

రిహార్సల్ గది పాత గోడౌను. కిటికీలకు గోనెపట్టాలు, గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గుమ్మాలు. కంచు సుద్ద గుమ్మం దాటి లోపలికొచ్చి, జడ్జీగా నిలబడి మొదలుపెట్టాడు. "నా అంతరాత్మ నన్ను ప్రశ్నించని క్షణం లేదు. నేను విధించిన శిక్ష నాకే శిక్షగా పరిణమించినది." గొంతు మోగింది. గోడలు అదిరాయి. ఎదురుగా చేస్తున్న అమ్మాయి మాత్రం మొహం తిప్పుకుంది. రైల్వేస్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే మైకులా వినిపించిందని అతనికే తెలిసింది.

ప్రాంప్టరు పుస్తకంలోంచి తల పైకెత్తాడు. "ఇవాళ ఉన్నదున్నట్టు చెప్పారే!"

నాలుగు రోజులు అలాగే నడిచింది. ఐదోరోజు మాష్టారు అందర్నీ టీకి పంపించి, కంచు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "ఏమైందిరా నీకు? ఎప్పట్లా మార్చుకోవేం?"

"మార్చుకోవడమేంటి మాష్టారూ?"

"నా దగ్గర కూడా నాటకమాడతావా? ముప్పయ్యేళ్ళలో నా డైలాగు ఒక్కటైనా రాసింది రాసినట్టు చెప్పావా నువ్వు? మొదటి నాటకానికి నాకు ఒళ్ళు మండింది. తర్వాత హాల్లో జనం ఏడవడం చూశాను. అప్పట్నుంచీ నువ్వు ఏమంటే నా ప్రతిలోనూ అదే రాసుకునేవాణ్ణి, పాత కాగితం చింపేసేవాణ్ణి. ఇప్పుడు పుస్తకం వేస్తున్నదీ అదే, నువ్వు చెప్పినట్టు."

కంచు ఏదీ మార్చలేదు. చెవిన పడింది చెప్పాడు, అంతే. విన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా మార్చే తెలివి తనకు లేదని అతనికి తెలుసు.

ఇంటికి ఎలా వచ్చాడో గుర్తులేదు. కూతురికి ఫోన్ చేశాడు. "ఆ స్క్రిప్టులు... ఒక్కటైనా మిగిలిందా?"

"నువ్వే కదా నాన్నా, అన్నీ ఇచ్చెయ్యమంది."

"ఒక్కసారి రా."

ఇద్దరూ కలిసి ఇల్లంతా గాలించారు. పాతపేపర్లవాడి షెడ్డుకు కూడా వెళ్ళారు. ఆరు నెలల నాటి సరుకు ఎప్పుడో మిల్లుకి వెళ్ళిపోయిందన్నాడతను. పాపం, మంచివాడు, షెడ్డంతా చూసుకోమని తాళం తీశాడు. మనిషెత్తు కట్టల మధ్య తండ్రీ కూతుళ్ళు ఒక పూటంతా వెతికారు. వెతుకుతున్నది దొరికినా గుర్తుపట్టలేనని కంచుకి మధ్యలో తట్టింది. చేతికొచ్చిన కాగితమల్లా కూతురికి చూపించి, "ఇదా? ఇదా?" అని అడిగాడు.

చివరికి ఒకటి దొరికింది, ఇంట్లోనే. ఆమె ఆఫీసు సంచి అడుగున, టిఫిన్ డబ్బా కింద. జ్వరం రాకముందు మాష్టారు పంపిన ఏదో చిన్న నాటకం, తర్వాత మూలపడింది. మొదటి నాలుగు పేజీల నిండా అంచుల్లో సన్నటి పెన్సిలు రాత. ఐదో పేజీ నుంచి తెల్లగా ఉంది.

"చదువు" అన్నాడు.

కూతురు ముందు అచ్చులో ఉన్నది చదివింది. "కుమారుని వియోగం నా హృదయాన్ని అనుక్షణం దహించివేయుచున్నది." ఆ వాక్యం మీద అడ్డంగా ఒక గీత ఉంది. పక్కన అమ్మ రాత. ఆ పిల్ల అదీ చదివింది. "వాడి చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి. ఎవరు తీస్తారు?"

కింద ఇంకో ముక్క ఉంది. "ఇక్కడ ఆయన కూర్చోవాలి. నిలబడి అంటే అరుస్తారు."

కంచు పీట మీద కూలబడ్డాడు. గోడకు తలానించి కళ్ళు మూసుకున్నాడు. పేపర్లలో రాసినవి, శాలువాలు, తెరపడ్డాక హాలు మొత్తం లేచి నిలబడిన రోజులు, వేషం గదిలోకొచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టిన కుర్రాళ్ళు. ఆమె ఎప్పుడూ మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చునేది. అందరితో పాటు చప్పట్లు కొట్టేది. ఇంటికి నడిచొస్తుంటే, "బాగా చేశారండీ" అనేది. అతను "హుఁ" అనేవాడు, అది తనకు రావలసిందే అన్నట్టు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు, ఎవరితోనో.

కూతురు ఆలోచించి నెమ్మదిగా చెప్పింది. "చెబితే నువ్వు స్టేజీ మీద నిలబడలేవనుకుందేమో."

మర్నాడు పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని మాష్టారింటికి వెళ్ళాడు. మాష్టారు వరండాలో పుస్తకం ప్రూఫులు దిద్దుకుంటున్నారు. కంచు నిలబడే రెండు సంగతులూ చెప్పేశాడు, తనకు చదవడం రాదని, ఆ మాటలు తనవి కావని. ఎన్నో నాటకాల్లో ఎన్నో నేరాలు ఒప్పుకున్న గొంతు, ఈ రెండు ముక్కలకే పీలగా వణికింది.

మాష్టారు నాలుగు పేజీలూ చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముప్పయ్యేళ్ళు" అన్నారు. "ముప్పయ్యేళ్ళు నా పక్కన కూర్చుని పేపరు తిరగేసేవాడివి. హెడ్డింగు బావుందనేవాడివి."

"తప్పయిపోయింది మాష్టారూ."

"చదువు రాకపోతే తప్పేంట్రా వెధవా! ఎంతమందికి నేర్పలేదు నేను? ఒక్కమాట చెప్పివుంటే..." ఆయన ఆగిపోయి, మళ్ళీ ఆ కాగితం కేసి చూశారు. "చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి" అని పైకి చదువుకున్నారు. "నేను రాసింది చెత్తన్నమాట."

"అలా అనకండి."

"మరేమనమంటావ్? నువ్వు మారుస్తున్నావనుకున్నన్నాళ్ళూ నాకు బాధలేదు. నటుడు మార్చాడు, స్టేజీ మీద వేడిలో అలా వచ్చింది అనుకున్నాను. ఎవరో వంటింట్లో కూర్చుని నా వాక్యం కొట్టేసి దిద్దింది! బళ్ళో పిల్లాడి కాపీ దిద్దినట్టు!" లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చారు. తిరిగి వచ్చేసరికి గొంతు తగ్గింది. "సరే. న్యాయం న్యాయమే. పుస్తకంలో ఆవిడ పేరు కూడా వేస్తాను. ఏవి ఆవిడవో చెప్పు. గుర్తుపెడతాను."

ప్రూఫుల కట్ట ముందుకు తోశారు. ఎర్ర పెన్ను మూత తీశారు. ఆయన ఒక్కో వాక్యం చదువుతుంటే కంచు వినాలి.

మొదటి నాటకం, మొదటి పేజీ. మాష్టారు చదివారు. కంచు విన్నాడు. ఆ వాక్యం ఆమె గొంతులోనే వినిపించింది. రెండోదీ ఆమె గొంతే. మూడోదీ అంతే. అతను నేర్చుకున్న ప్రతి మాటా ఆ నోటి నుంచే నేర్చుకున్నాడు. మాష్టారి మాటలూ ఆమె గొంతులోనే ఉన్నాయి, ఆమె మాటలూ ఆమె గొంతులోనే ఉన్నాయి. విడదీయడానికి చిన్న సందు కూడా లేదు.

"ఇది?" అన్నారు మాష్టారు.

"తెలీదు."

"ఇది?"

"...తెలీదు మాష్టారూ. మీకు గుర్తులేదా, మీరేం రాశారో?"

మాష్టారు ప్రూఫులో తల దూర్చి చాలాసేపు చూశారు. "ముప్పయ్యేళ్ళ కిందటిది, ఎలా గుర్తుంటుంది? అన్నీ నావే అనిపిస్తున్నాయి" అన్నారు. పేజీ తిప్పి, ఇంకా నెమ్మదిగా, "ఏదీ నాది కాదేమో అని కూడా అనిపిస్తోంది" అన్నారు.

పన్నెండు పేజీలు అయ్యాక ఎర్ర పెన్ను మూత పెట్టేశారు. కాగితం మీద ఒక్క గీతా పడలేదు.

జడ్జీ వేషం వేరేవాళ్ళకు వెళ్ళింది. పుస్తకం బయటికొచ్చిన ఆదివారం పొద్దున అదే హాల్లో సభ పెట్టారు. ముందుమాట చివర మాష్టారు రెండు వాక్యాలు చేర్చారు, ఈ నాటకాల్లోని సంభాషణలకు మెరుగులు దిద్దిన దివంగత సోదరికి కృతజ్ఞతలని. కూతురు అది తండ్రికి చదివి వినిపించి పుస్తకం మూసేసింది.

సభలో అతన్ని ఒక ఘట్టం చెప్పమన్నారు. ఏ ఘట్టమో వాళ్ళు చెప్పనక్కర్లేదు. కూతుర్ని ఇంట్లోంచి గెంటేసిన వడ్రంగి ముసలివాడై ఖాళీ ఇంట్లో మాట్లాడుకునే మాటలు. వందసార్లు చెప్పాడవి. కుర్చీలోంచి లేచి మైకు పక్కకు తోసి మొదలుపెట్టాడు. "తలుపు నేనే చేశాను. గడియ నేనే బిగించాను. లోపలినుంచి పడుతుందో బయటినుంచి పడుతుందో, అదే మరిచిపోయాను."

గొంతు పాతరోజుల్లోలాగే ఉంది. మాటలు చెబుతూనే, వాటిని వింటున్నాడు కంచు. గడియ. మాష్టారి నాన్న వడ్రంగి, ఆ మాట ఆయనదే కావచ్చు. తమ వంటింటి గడియ సరిగ్గా పడదని రోజూ సణిగింది మాత్రం ఆమె. అయితే ఆమెదా? మరిచిపోయాను అన్నది ఎవరు? తర్వాతి వాక్యం ఎవరిది? అది వచ్చేముందే పట్టుకోవాలని తన లోపలికే చెవి ఒగ్గాడు. తర్వాతి వాక్యం రాలేదు.

ముప్పయ్యేళ్ళలో ఎన్నడూ అలా ఆగలేదు. మొదటి వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. భార్య గుర్తొచ్చి ఆగిపోయాడనుకుని ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడింది. ప్రాంప్టరు జాలిపడి, పక్కనుంచి కొత్త పుస్తకం తెరిచి తర్వాతి మాట అందించాడు. చప్పట్ల హోరులో అది అతనికి వినపడలేదు. చెయ్యి ఎత్తబోయి, దించేసుకుని, మెట్లు దిగి వచ్చేశాడు.

కూతురు అతనికి అక్షరాలు నేర్పాలని చూసింది. పలక తెస్తే వద్దనలేదు. అరవై రెండేళ్ళ వయసులో అ, ఆ దిద్దాడు. నాలుగు నెలలకు కూడబలుక్కుని చిన్న మాటలు చదవగలిగాడు. అప్పుడు ఆ పుస్తకం తెరిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివితే, ఒక పేజీ ముగించడానికి పూట పట్టింది. పేజీ చివరికొచ్చి తలెత్తాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి తల్లీ" అన్నాడు. "చదవడం వస్తే తెలుస్తుందనుకున్నాను."

మర్నాటినుంచి అతను పలక ముట్టుకోలేదు.

మనిషి ఊరికే ఇంట్లో ఉంటే పాడైపోతాడని మాష్టారే అతనికి హాలు గుమ్మం దగ్గర టికెట్లు చింపే పని ఇప్పించారు. జనం అతన్ని గుర్తుపట్టి నమస్కారం పెడతారు. అతను నమస్కారం పెట్టి టికెట్టు సగం చింపి ఇస్తాడు. ఇప్పుడా వేషాలు వేరే నటుడు వేస్తాడు. బాగా చదువుకున్నవాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కామా పోకుండా చెబుతాడు. మూడో గంట కొట్టి తలుపులు మూసేశాక లోపలినుంచి మొదటి మాట వినిపిస్తుంది. అది వినిపించకముందే కంచు స్టూలు మడిచి, గోడకు ఆనించి, వీధిలోకి వెళ్ళిపోతాడు. నాటకం ఎంతసేపు పడుతుందో అతనికి తెలుసు. అంతసేపూ ఎదురు పేవ్‌మెంట్ మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తుంటాడు, రెండు చెవుల మీదా తువ్వాలు చుట్టుకుని.